తెల్లజుట్టు వైద్యం

ఇరవై ఏళ్ళ కిందట కాశీబుగ్గలో నేను కాంపౌండరుగా పనిచేసిన డాక్టరుగారికి ముప్పై ఏళ్ళకే తల ముగ్గుబుట్టయింది. చుట్టుపక్కల ఉద్దానం ఊళ్ళ జనానికి అంతకన్నా పెద్ద డిగ్రీ అక్కర్లేకపోయింది. ఆయన గంభీరంగా తల నిమురుకుని ఏం రాసిచ్చినా, ఆ చీటీ కళ్ళకద్దుకుని వెళ్ళేవారు. ఎదురు వీధిలో బంగారు పతకం కొట్టిన డాక్టరొకడు, నిగనిగలాడే నల్లజుట్టున్న పాపానికి ఈగలు తోలుకునేవాడు.

బావమరిది పెళ్ళికని వాళ్ళావిడ పట్టుబట్టి మా డాక్టరుగారి జుట్టుకి రంగు వేయించింది. జుట్టు నల్లబడింది, వైద్యం తెల్లబోయింది.

మర్నాడు తెల్లజుట్టు పెద్ద డాక్టరు పేరు విని కవిటి నుంచి ఒక ముసలాయన వచ్చాడు. ఆయన రక్తపరీక్ష కాగితం చూసి, "కిడ్నీలు దెబ్బతింటున్నాయి. ఒళ్ళునొప్పుల బిళ్ళలు మానెయ్యాలి" అన్నారు డాక్టరుగారు.

"పెద్దబాబొచ్చినాక అడుగుతాన్లే నాయనా" అని ముసలాయన బయట బెంచీ మీద కూర్చుని, జేబులోంచి ఆ బిళ్ళే తీసి నోట్లో వేసుకోబోయాడు.

అది చూసి డాక్టరుగారు లోపలికి పరిగెత్తి, నాటకాలవాళ్ళలా తలకింత పౌడరు దట్టించుకొచ్చి, ఆ ముక్కే మళ్ళీ చెప్పారు.

ముసలాయన లేచి దణ్ణం పెట్టి, బిళ్ళలన్నీ నా చేతిలో పోశాడు.

"తవరు సెప్పినాక ఇంకేటుంది బాబూ! ఇందాక తవరి తమ్ముడు కావాల, ఏదో వాగినాడు. ఆ కుర్రోడిక్కూడా కూసింత వైద్దిగం నేర్పండి."

"నేర్పుతున్నానయ్యా" అంటూ డాక్టరుగారు తల నిమురుకున్నారు.

పౌడరు రాలిన చీటీని ముసలాయన కళ్ళకద్దుకున్నాడు.