తుఫాను భవనంలో ఇంటర్నెట్టు

ఆ రోజుల్లో ఇంటర్నెట్టు కోసం జనం బస్సెక్కి టౌనుకు వెళ్ళేవారు. నేను మాత్రం ఇంటర్నెట్టునే బస్సెక్కించాను. డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో మా సంస్థ అప్పజెప్పిన మొదటి పని అది: మొగల్తూరుకు అవతల, కరెంటు స్తంభాలు వచ్చి తీగలు మాత్రం రాని ఒక సముద్రపొడ్డు పల్లెలో, గాలివానకు జనం తలదాచుకునే తుఫాను భవనం గదిలో ఒక కంప్యూటరు, మేడ మీద సోలారు పలకలు, పక్కన ఒక యాంటెనా. (బ్యాటరీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే కండక్టరు వాటికీ టిక్కెట్టు కొట్టాడు.) రోజూ పొద్దున్నే మేడెక్కి, పలకలను తళతళలాడేలా తుడిచి, కిందికి దిగి, కంప్యూటరుకు ఇసుక తగులుతుందన్న భయంతో తలుపులు మూసుకుని కూర్చునేవాణ్ణి.

ఆ ఊళ్ళో కేకల పిన్ని అని ఒకావిడ ఉండేది. (ఆవిడ ఒడ్డున నిలబడి పిలిస్తే నడిసముద్రంలో పడవ వెనక్కి తిరిగేదట.) ఆవిడ కూతురు ఇళ్ళలో పనికని కువైట్ వెళ్ళి ఏళ్ళయింది. మళ్ళీ పిల్ల మొహం చూడలేదు. ఆ పిల్లకు సెలవు దొరికే శుక్రవారం మధ్యాహ్నం తెర మీద చూపిస్తానని నేను ధీమాగా మాటిచ్చేశాను. ఆ మర్నాటి నుంచే బ్యాటరీలు నీరసించాయి. బయట ఎండ పేలిపోతోంది, మీటరు మాత్రం ముసురు పట్టినట్టు చూపిస్తోంది. పద్ధతి గల మనిషిని కనుక వరసగా చూసుకుంటూ వచ్చాను: తీగలు, ఫ్యూజు, కంట్రోలరు, బ్యాటరీల్లో నీళ్ళు. అన్నీ భేషుగ్గా ఉన్నాయి. పలకల మీద అనుమానమే రాలేదు. పొద్దున్నే స్వయంగా తుడిచింది నేనే కదా! చేపల వాసన గుప్పుమంటూనే ఉంది గానీ, ఆ ఊళ్ళో అది వాసన కాదు, గాలి.

శుక్రవారం పిన్ని పండగ చీర కట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. కంప్యూటరు ఒక్కసారి కీచుమని ఆరిపోయింది.

"ఏంటండి బాబుగారూ, మా పిల్ల రాకుండానే ఎల్లిపోయిందాండి?"

మేడ మీదికి పరుగెత్తాను. వెనకే పిన్ని. చూద్దును కదా, పలకల మీద అంగుళం ఖాళీ లేకుండా వేలెడేసి నెత్తళ్ళ చేపలు, వెండి ముగ్గు పెట్టినట్టు!

"ఎవరండీ ఈ పని చేసింది?"

"నేనేనండి! మా ఊరోళ్ళు కువైట్ ఎల్తన్నారు, పిల్లకి పంపుదావని రోజూ తవరు కిందికి దిగాక ఎండేసి, సందేళ ఎత్తుకుపోతన్నానండి. ఇసకలో ఎండేస్తే పంటికింద కరకర్లాడతాయి. తవరు రోజూ పొద్దున్నే అద్దాలు తుడిచి పెడతన్నారు కదండి, మాకోసవే అనుకున్నాను. ఎంత బుద్ధిమంతుడో అని ఊరంతా చెప్పానండి, ఆయ్!"

కోప్పడే తీరిక లేదు. ఆవిడ పండగ చీర కొంగులోకి చేపలు ఊడ్చుకుంటుంటే, నేను బిందెతో నీళ్ళు గుమ్మరించి, గుడ్డ కనబడక ఒంటి మీది చొక్కా విప్పి జిడ్డు తుడిచాను. బ్యాటరీలు కాస్త తేరుకున్నాయి. కంప్యూటరు కళ్ళు తెరిచింది. ఆ పిల్ల అక్కడ ఇంకా కాచుకునే ఉంది. తెర మీద ముక్కలు ముక్కలుగా ఒక మొహం కూడుకుంది. అంత గొంతున్న పిన్నికీ మాట పెగల్లేదు. కొంగులోంచి గుప్పెడు నెత్తళ్ళు తీసి కెమెరాకు అడ్డంగా పట్టుకుంది.

కువైట్ నుంచి సన్నగా వినబడింది: "చేపలు తియ్యవే అమ్మా, నీ మొకం చూడనీ."

ఇప్పుడు కువైట్ అందరి జేబుల్లోనూ ఉంది. బస్సులో పక్కసీటాయన ఫోనులో వాళ్ళమ్మ మొహం చూస్తూ మధ్యమధ్య ఆవులిస్తుంటాడు. అప్పుడు నాకు బనీనుతో, ఒంటినిండా నీచు వాసనతో, ఆ కుర్చీ వెనక కదలకుండా నిలబడ్డ డిప్లొమా కుర్రాడు గుర్తొస్తాడు. వాడి తెలివి మీద నాకేమంత గౌరవం లేదు గానీ, వాడు నిలబడ్డ చోటు మీద మాత్రం ఇప్పటికీ కాస్త అసూయే.