టెస్ట్ మోడ్‌లో మిగిలిన రిలే

పుత్తూరు దగ్గరి సబ్‌స్టేషన్‌లో నేను ఏఈగా ఉన్న రెండో వేసవి అది. ఆ ఉదయం ఊళ్లకు కరెంటు పోయే ఒక ఫీడర్ లైన్ రిలేను పరీక్షించాం. లైన్‌లో లోపం వస్తే పసిగట్టి, ఆ లైన్ బ్రేకర్‌ను తెరిపించి కరెంటు ఆపించే పెట్టె రిలే. బ్రేకర్ తెరుచుకోకపోతే అదే పక్క రిలేలకు కబురు పంపుతుంది, మీ బ్రేకర్లు తెరవమని. పూర్వం ఒక్కో కబురుకు ఒక్కో తీగ ఉండేది. ఇప్పుడు అన్నీ ఒకే కేబుల్‌లో సందేశాలుగా పోతాయి. పరీక్షలప్పుడు స్టేషన్ నిజంగా ఆగిపోకుండా రిలేను టెస్ట్ మోడ్‌లో పెడతాం. అప్పుడు దాని సందేశాలు పక్క రిలేలకు అందుతాయి గానీ, అవి పట్టించుకోవు.

పని అయ్యాక దాన్ని మామూలు మోడ్‌కు తేవాలి. నేను తేలేదు. తెచ్చినట్టు షీట్‌లో టిక్కు పెట్టి సంతకం చేశాను. ఆ నిమిషంలో ఫోన్ వచ్చిందా, ఎవరైనా పిలిచారా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఏమీ గుర్తు రాలేదు.

మధ్యాహ్నం షిఫ్ట్ ఆపరేటర్ బ్రేకర్లుండే యార్డులోకి వెళ్లాడు. నాకంటే చాలా పెద్దాయన, స్టేషన్ కట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నాడు. గాలి లేచి ఎక్కడో మామిడి కొమ్మ ఆ ఫీడర్ లైన్ మీద పడింది. రిలే కనిపెట్టింది. బ్రేకర్ ఇరుక్కుపోయి తెరుచుకోలేదు. రిలే పక్కవాటికి చెప్పింది, అవి కదల్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి మరో రిలే తన గడువు దాకా ఆగి సరఫరా ఆపింది. ఆలోపే బ్రేకర్ పింగాణీ పేలింది.

నేను పరుగెత్తేసరికి ఆయన కంకర మీద కూర్చుని ఉన్నాడు. భుజం నుంచి రక్తం కారుతోంది.

"నాకేం కాలేదు మేడమ్. సెయ్యే తిప్పలేకుండా ఉండాను. ముందు పైవాళ్లకి ఫోను సెయ్యండి."

ఆయన్ను జీపులో ఆసుపత్రికి పంపి, ఫోన్ చేసి, రిలేల్లోని రికార్డు దించుకున్నాను. సందేశం పంపిన సమయం, అందిన సమయం, పక్కనే టెస్ట్ అన్న మాట. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. డబ్బాలో మిగిలిన పెరుగన్నం తిన్నాను.

మర్నాడు తిరుపతి నుంచి పై అధికారి వచ్చాడు. రికార్డు చూసి కాగితాలు నా వైపు జరిపాడు.

"బ్రేకరు ఇరుక్కుండేది నిజమే కదమ్మా. అదొకటి రాయి, సాలు."

బ్రేకర్ సంగతీ, టెస్ట్ మోడ్ సంగతీ రెండూ రిపోర్టులో రాశాను. ధైర్యమేమీ కాదు. ఇంకో రకంగా రాయాలంటే ఆలోచించాలి, అందుకు ఓపిక లేదు.

వారం తర్వాత ఆపరేటర్ ఇంటికి వెళ్లాను. భుజానికి కుట్లు, మణికట్టుకు పుత్తూరు కట్టు. ఆయన భార్య మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్లింది. జరిగింది చెప్పాను, తప్పు నాదేనని చెప్పాను.

"ఆ టెస్టు లైటు ఎలగతా ఉండేది నేనూ సూసినా మేడమ్," అన్నాడు ఆయన కట్టు వైపు చూస్తూ. "మీరు సంతకం పెట్టినారు గదా, మళ్లీ యాడ అడిగేదని ఊరుకున్నా."

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టాను.

"అది మాత్రం రాయొద్దు. నాకింకా రెండేండ్ల సర్వీసుండాది."

"రాయను," అన్నాను. రాయలేదు.

నాకు మెమో వచ్చింది, తర్వాత తిరుపతిలో మీటర్ల ల్యాబ్‌కు బదిలీ. ఆయన డ్యూటీలో చేరాడు, కానీ మణికట్టు పూర్తిగా తిరగడం లేదు. యార్డు మాన్పించి కంట్రోల్ రూమ్‌లో కూర్చోబెట్టారు. నేను వెళ్లే రోజు బస్టాపు దాకా వచ్చి, ఎడమ చేత్తో నా సంచి బస్సులో పెట్టాడు.

"పోయిరండి మేడమ్. ఎండలో తిరగాకండి."

కిటికీ పక్కన కూర్చున్నాను. రేణిగుంట దాటాక కండక్టర్ వచ్చి టికెట్ తీసుకున్నావా అని అడిగాడు. టికెట్ చేతిలోనే ఉంది. తీసుకున్నానని చెప్పే ముందు దాన్ని మళ్లీ ఒకసారి చూసుకున్నాను.