సిన్నోనికి గూడ సూపియ్యి

తొంభైలలో ఒకనాడు మా అమ్మాయి సిరిని హైదరాబాదులో డాక్టరుకు చూపించి వస్తూ, సూర్యాపేట బస్టాండులో మిర్యాలగూడ బస్సు కోసం కూర్చున్నాను. మూత్రం వెనక్కి కిడ్నీల్లోకి పోతోందని, మాటిమాటికీ జ్వరాలు అందుకేనని డాక్టరు చెప్పాడు. నా కన్నీళ్లు చూసి పక్కనున్నామె సంగతంతా అడిగి, నా ఒళ్లోని చంటివాణ్ని, సిరి తమ్ముణ్ని, ఎత్తుకుంది.

“నాకు సిన్నప్పుడు గదే ఉండె అక్కా. ఇప్పుడు సూడు, ఎట్లున్ననో!” అని నవ్వింది. “ఒక్కింట్ల పుట్టినోళ్లకు గిది వస్తుంటది. నా బిడ్డకు జ్వరం రాకముందే సూపించిన. ఈ సిన్నోనికి గూడ సూపియ్యి.”

చూపించాం. వాడికీ ఉంది. ముందే మందు పడింది కాబట్టి అక్క పడ్డ బాధ వాడు పడలేదు. పెరిగేకొద్దీ ఇద్దరికీ నయమైంది.

మొన్న సిరికి కూతురు పుట్టింది. ఆ జబ్బు కోసం ముందే పరీక్ష చేసిన డాక్టరమ్మ “పాపకు ఏమీ లేదు” అనగానే వార్డంతా వినబడేలా నవ్వాం. ఆనాడు బస్టాండులో నేను పేరైనా అడగని ఆ మనిషికి ఈ మాట చెప్పాలనిపించింది.