సేటు మెచ్చిన పాత విమానం

మంచి ధర వస్తుందని ఏడాదిగా దాచుకున్న పసుపును ఈ రోజు ఆర్మూర్ మార్కెట్‌కు తీసుకుపోయాను. కొనడానికొచ్చిన సేటు నా కుప్పలోంచి కొమ్ములు తీసి ఒక్కొక్కటే విరిచాడు, వాసన చూశాడు, ముక్కలను కాళ్ల దగ్గరే పారేశాడు.

"నిరుటి సరుకు. గిది నాకొద్దు" అన్నాడు.

ఆ వెంటనే ఫోన్ తీసి, అమ్మకానికి పెట్టిన ఒక ప్రైవేటు విమానం ఫొటోను పక్క వ్యాపారులకు చూపించాడు. ఎక్కడా ఆగకుండా లండన్ దాకా పోతుందట.

"వాడిందే గని మస్తున్నది. పాతదైతే ఏమైతది?" అంటూ మురిసిపోయాడు. అందరూ తలలూపారు.

నాకు ఒళ్లు మండింది. "విరిచి చూసినవా సేటూ?" అన్నాను.

సేటు నా పసుపు ముక్కలను తొక్కుకుంటూనే పక్క కుప్ప దగ్గరికి పోయాడు. మీరైతే ఏమనేవాళ్లో చెప్పండి. నాకు మాత్రం ఇప్పటికీ ఛీ అనే వస్తోంది.