చివరి తొట్టి తలుపు

షాటో వెర్దినాస్ ద్రాక్షతోట ఎర్ర వైన్‌ని గ్లాసులో తిప్పి, కళ్ళు మూసుకుని, ఇందులో పూల వాసన ఉంది, అడవి వాసన ఉంది అని మురిసిపోయే పెద్దమనుషుల్ని మా మెదోక్ ద్రాక్షసీమ వాళ్ళం చాలామందినే చూశాం. ఏ వాసనలున్నా వాళ్ళకే ఉండనీ. అక్కడ వైన్ పులియబెట్టే తొట్లశాలలో పనిచేసిన యులీస్ దార్తీగ్‌కి మాత్రం అందులో ఒకటే వాసన తగిలేది, తొట్టి అడుగు వాసన. ఆ వాసనంటే అతనికి చచ్చేంత భయం.

భయానికి కారణం లేకపోలేదు. వైన్ తీసేశాక ఇంటెత్తు కొయ్య తొట్టి అడుగున మిగిలిన ద్రాక్ష పిప్పి ఒక గాలి వదులుతుంది. దానికి రంగు లేదు, బరువు మాత్రం ఉంది. నీళ్ళలాగా అడుగునే నిలిచిపోతుంది. అందులోకి తల వంచినవాడికి కేక వెయ్యడానికి కూడా వ్యవధి ఉండదు. యులీస్‌కి ఇంకా పెళ్ళి కానప్పుడు అతని అన్న ఆల్బాన్ అలాగే పడిపోయాడు. కొడుకుని లాగుదామని తండ్రి వెనకే దూకాడు. ఇద్దరూ బతికి బయటికి రాలేదు. అన్న ఖాళీ చేసిన చోటుకే యులీస్‌ని తీసుకున్నారు. ఆ పనితోపాటే ఇల్లు వస్తుంది కాబట్టి, తల్లి వద్దనలేకపోయింది.

అప్పటినుంచీ ఏటా ద్రాక్ష కోతల రోజులొస్తే అతనికి ముద్ద గొంతు దిగేది కాదు. అయినా తొట్టిలోకి దిగేవాడు. దిగేముందు వెలిగించిన కొవ్వొత్తిని తాడుకి కట్టి పిప్పి దాకా వదిలేవాడు. మంట నిలిస్తే గాలి మంచిదన్నట్టు. అందరూ చేసే పనే, కాకపోతే యులీస్ అందరికంటే చాలాసేపు చూసేవాడు.

"ఏం పాదిరీ గారూ, ప్రార్థన అయిందా? మమ్మల్ని కూడా దీవించి దిగండి!" అని కిందినుంచి తోటి పనివాళ్ళు వెక్కిరించేవారు. ఆ పేరే స్థిరపడిపోయింది. సొంత అల్లుడు గాస్తాన్ కూడా మామని నోరారా పాదిరీ అనేవాడు. వాడి మనసు మంచిదే, నోరే ఆగదు.

వెర్దినాస్‌లో ఒక వేడుక ఉంది. అన్నిటికన్నా చివరి తొట్టిని శుభ్రం చేసే రోజున, పనివాళ్ళలో వయసులో చిన్నవాడు పూలగుత్తి పట్టుకుని పైనుంచి దిగుతాడు. మిగిలిన కాస్త పిప్పినీ ఒంటికి పూసుకుని, అడుగున ఉన్న చిన్న తలుపుని లోపలినుంచి కొడతాడు. అప్పుడు బయటివాళ్ళు ఇనుప మర తిప్పి తలుపు తీస్తారు. వాడు అప్పుడే పుట్టిన బిడ్డలా ఎర్రగా పాక్కుంటూ వచ్చి తోట యజమానురాలైన దొరసానికి పూలు ఇస్తాడు. ఆ తరవాతే విందు. వేడుక కోసం ఆ ఒక్క తొట్టి తలుపు మాత్రం ముందు రోజునుంచీ మూసే ఉంచుతారు. లోపల గాలి ఆడదు. ఇంత తెలిసిన మనుషులు ఇంత తెలివితక్కువ పని ఎలా చేశారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ ఏడు వయసులో చిన్నవాడు గాస్తానే, దిగే వంతు వాడిది. వాకిట్లో ద్రాక్షపుల్లల నిప్పుమీద మాంసం కాలుతోంది. దొరసాని కుర్చీలో కూర్చుంది. యులీస్ కూతురు నొయేలీ ఆడవాళ్ళతో కలిసి పాట అందుకుంది.

నిచ్చెనెక్కి మామ పక్కన నిలబడ్డ గాస్తాన్ కొవ్వొత్తిని తొట్టి నోట్లోకి మూర మాత్రమే దింపి పైకి లాగేశాడు.

"చూశావా మావయ్యా, ఎంత బాగా వెలుగుతోందో! ఇవాళ ప్రార్థన లేదు, ఆకలేస్తోంది."

"ఇంకా కిందికి వదలాలి అల్లుడూ."

"అదిగో, పాదిరీ గారు మొదలెట్టారు!" అని కిందనున్న బెర్తాం అరిచాడు. అందరూ పగలబడి నవ్వారు. యులీస్ మొహం కందిపోయింది. ఆ నవ్వుకి జడిసి నోరు మూసుకున్నాడు. గాస్తాన్ పూలగుత్తి పళ్ళతో కరిచి పట్టుకుని దిగిపోయాడు.

తలుపు మీద చప్పుడు రాలేదు. పాట మళ్ళీ మొదటినుంచి అందుకున్నారు. "ఏడిపిస్తున్నాడు దొంగవెధవ" అంది నొయేలీ నవ్వుతూ. యులీస్ కొవ్వొత్తిని తాడుతో లోపలికి వదిలాడు. సగం దూరంలో మంట ఆరిపోయింది. ఆరేముందు ఆ వెలుగులో అల్లుడు బోర్లా పడి కనిపించాడు.

అరుద్దామంటే నాలుక పిడచకట్టుకుపోయింది. దూకాలి. నాన్న అయితే ఈపాటికి దూకేసేవాడు. ఆలోచన అలా ఉండగానే అతని కాళ్ళు బయటివైపు నిచ్చెన దిగిపోయాయి. కిందికొచ్చాక కూడా ఆగలేదు.

"నాన్నా, ఎక్కడికి పరిగెడుతున్నావ్? గాస్తాన్ ఏడీ?"

వాకిలికేసి పోయే దారిలోనే ఉంది తొట్టి తలుపు. యులీస్ చెయ్యి ఇనుప మరకి తగిలింది. తగిలాక వదల్లేదు. గోళ్ళు చిట్లేలా తిప్పి, తలుపుని భుజంతో లోపలికి తోశాడు. చల్లటి గాలి పాదాల మీదుగా నీళ్ళలా పారింది.

"ఎవ్వరూ వంగకండి! పిల్లల్ని తీసుకుని దూరంగా పొండి! బెర్తాం, పిప్పి లాగే కొక్కెం ఇటివ్వు!"

పాదిరీ గొంతు అంత పెద్దదని ఎవరికీ తెలీదు. నవ్విన బెర్తామే పరుగున కొక్కెం తెచ్చాడు. ఊపిరి బిగబట్టి, తల లోపల పెట్టకుండా, గాస్తాన్ బెల్టుకి తగిలించి ఇద్దరూ బయటికి ఈడ్చారు. మొహం నల్లబడింది. నొయేలీ గుండెలు బాదుకుంటోంది. ఆరుబయట వీపు మీద చరవగా చరవగా గాస్తాన్ దగ్గాడు.

డాక్టరు వచ్చి, బతుకుతాడని చెప్పి వెళ్ళాడు. దొరసాని తన చేత్తో పాత వైన్ సీసా తెచ్చి యులీస్‌కి పోసింది. "ఎంత సమయస్ఫూర్తి! వేరేవాడైతే దూకి చచ్చేవాడు" అన్నారంతా. యులీస్ గ్లాసు ముట్టకుండా ఇంటికొచ్చేశాడు.

వంటింట్లో భార్య మార్సెలీన్ వెల్లుల్లి సూపు కాస్తోంది. అతను బల్ల దగ్గర కూర్చున్నాడు.

"మార్సెలీన్, వాళ్ళకి తెలీదు. నేను తలుపు తియ్యడానికి దిగలేదే. భయమేసి పారిపోతున్నాను. తలుపు దారిలో ఉంది, అంతే."

ఆమె గరిటె పక్కన పెట్టి, చిట్లిన అతని గోళ్ళకి తడిగుడ్డ చుట్టింది.

"ఆ రోజు మీ నాన్న కూడా పారిపోయి ఉంటే, మీ అమ్మ ఒక్క శవాన్నే మోసేది కదయ్యా. ఇంద, సూపు తాగు."