బండి ఆగే చోటు

ఆమెను అందరూ మలుపక్క అనేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండేది కానీ, అది గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా పనికి రాలేదు. కొండదారిలో పద్నాలుగో మలుపు దగ్గర, రేకుల షెడ్డులో, ఇరవై ఎనిమిదేళ్లు టీకొట్టు నడిపిన మనిషికి అంతకన్నా తగిన పేరు ఏముంటుంది?

ఆ కొండ సామాన్యమైనది కాదు. వచ్చిన మబ్బునల్లా ఈ వైపే నిలబెట్టేసేది. అందుకని ఈ వైపు మనుషులు గొడుగు లేనిదే గడప దాటరు, ఆ వైపు వాళ్లు చినుకు పడితే చాలు, బిందెలన్నీ బయట పెట్టేస్తారు. డ్రైవరు నోరు విప్పకముందే ఏ వైపు వాడో మలుపక్క చెప్పేసేది. నిండు మగ్గు ఎత్తి ధారగా గుమ్మరించుకుంటే ఈ వైపు వాడు. పావు మగ్గుతో చేతులూ మొహమూ కానిచ్చుకుని, మిగిలిన నీళ్లు తీసుకెళ్లి మొక్క మొదట్లో పోస్తే ఆ వైపు వాడు. ఆ రెండో రకం వాళ్లంటే ఆమెకు కాస్త ఎక్కువ ఇష్టం. పైకి మాత్రం అనేది కాదు.

కింద తొమ్మిదో మలుపు దగ్గర లారీ గేరు మార్చిన చప్పుడు వినగానే ఆమె పొయ్యి మీద గిన్నె పెట్టేది. బండి మూలుగుతూ వస్తే సిమెంటు, గలగలమంటూ వస్తే ఖాళీ. అది పైకెక్కి, డ్రైవరు దిగి నడుం విరుచుకునేసరికి వేడి గ్లాసు చేతిలో ఉండేది. "ఇన్నేళ్లలో టీ కోసం ఒక్కణ్ని కూడా నిమిషం కూర్చోబెట్టలేదు నేను" అని ఆమె గొప్పగా చెప్పుకునేది. ఊట నీళ్లు మోసి తెచ్చి వేడెక్కిన ఇంజిన్లకు అందించడం ఆమె భర్త పని. ఆ గొప్ప వినిపించినప్పుడల్లా ఆయన తలాడించేవాడు. వినీ వినీ ఆయన మెడకు అలవాటైపోయింది.

ఇంతలో కొండ నడుమున సొరంగం తవ్వారు. రిబ్బను కత్తిరించిన మర్నాటి నుంచి ఒక్క బండీ పద్నాలుగో మలుపు ఎక్కలేదు.

"వస్తార్లే. నా టీ పడకపోతే వాళ్లకు తల తిరుగుతుంది" అంది మలుపక్క.

వారం గడిచింది, ఇంకో వారమూ గడిచింది. ఎవరి తలా తిరిగినట్టు లేదు.

తమ్ముడు కింద పట్నం నుంచి కబురు చేశాడు. గది ఖాళీగా ఉంది, వచ్చేయమన్నాడు. మంచివాడే, మనసులో ఏదీ పెట్టుకోడు. కానీ పదిమంది తన చేతి గ్లాసు కోసం చెయ్యి చాపుతుండగా బతికిన మనిషి, ఇంకొకరి వంటింట్లో నిలబడి ఏ గిన్నె తీసుకోమంటావని అడగాలా?

భర్త మాత్రం తెగేసి చెప్పాడు. "వానలు మొదలయ్యేదాకా చూద్దాం. అప్పటికీ కొట్టు నడవకపోతే సామాను కట్టేద్దాం."

రెండు నెలల గడువు. మలుపక్క రేకులు విప్పించి, కొట్టును సొరంగం నోటి దగ్గరకు మార్చింది. ఇటు దిగే ప్రతి బండీ అందులోంచే బయటపడాలి కదా, ఇంతకన్నా మంచి చోటు ఏముంటుందన్నది ఆమె లెక్క. బళ్లన్నీ అక్కడి నుంచే పోయాయి. పోవడమే, ఆగడం లేదు. ఒకనాడు కలప లారీ డ్రైవరు, అందరూ మీసాలు అని పిలిచేవాడు, అటు వచ్చాడు. ఆ వైపు వాడు, ఇరవై ఏళ్ల ఖాతాదారు, ఆమె అంతగా మెచ్చే పావు మగ్గు మనిషి. కిటికీలోంచి చెయ్యి ఊపాడు, సంబరంగా హారన్ కొట్టాడు, అదే ఊపున వెళ్లిపోయాడు.

మలుపక్కకు తల కొట్టేసినట్టయింది. పొయ్యి ఆపేసి, తలుపు దగ్గరకు వేసుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ ఆదివారం మరదలు వచ్చింది. తమ్ముడి భార్య బడిలో భూగోళం చెబుతుంది. దిద్దాల్సిన పరీక్ష పేపర్ల కట్ట ఎక్కడికి పోయినా సంచీలో ఉంటుంది.

"ఏం వదినా, మొహం అలా వేలాడేశావు?"

"వేలాడదా మరి? వెధవలు. ఇరవై ఏళ్లు నా టీ తాగి, చెయ్యి ఊపి పోతున్నారు."

"నీ టీ కోసమే ఆగారనుకున్నావా ఇన్నాళ్లూ?"

"మరి? నీ పాఠం వినడానికి ఆగారా?"

మరదలు నవ్వి, పేపర్లు పక్కన పెట్టింది. "కోప్పడకు వదినా. పిల్లలకు చెప్పేదే నీకూ చెబుతున్నా. జనం పోయే దారిలో ఎక్కడపడితే అక్కడ ఊళ్లు పుట్టవు, ఆగక తప్పని చోట పుడతాయి. నదిలో రాళ్లు అడ్డొచ్చి పడవ ఇక పైకి పోదనుకో, అక్కడ సరుకు దించుతారు. దించిన దానికి గోదాం కావాలి, మోసేవాళ్లు కావాలి, వాళ్లకు తిండి పెట్టేవాళ్లు కావాలి. వందేళ్లు పోతే అదే పెద్ద పట్నం. ఎడారిలో నీటిగుంట దగ్గరా అంతే. పెద్ద పెద్ద రాజ్యాలకే నేల చెప్పిన మాట వినక తప్పలేదు, నీ కొట్టెంత?"

"అంటే నా బేరమంతా ఆ కొండ పెట్టిన భిక్షంటావు."

"ఇంజిను వేడెక్కించింది కొండే కదా. ఇప్పుడు ఎక్కే దారి నిటారుగా లేదు, ఇంజిను వేడెక్కదు. ఇంకేం వేడెక్కుతుందో వెతుక్కో."

మలుపక్కకు ఒళ్లు మండింది. మరదలు బస్సెక్కి పోయాక కూడా చాలాసేపు గొణుగుతూనే ఉంది. మర్నాడు పొద్దున్నే మాత్రం భర్తను లేపి, కొత్త రోడ్డు వెంట కిందికి నడవడం మొదలుపెట్టింది.

నున్నటి రోడ్డు, పది కిలోమీటర్ల ఏకదిగుడు. ఎనిమిది దాటాక ఏదో మాడు వాసన తగిలింది. ఇంకాస్త నడిస్తే రోడ్డు మొదటిసారి చదునైంది. అక్కడ రోడ్డు పక్కన మట్టిలో రాళ్లున్నాయి. తలకాయంత రాళ్లు, జతలు జతలుగా, ఒక వైపు నలిగి.

"ఎవరు వేశారివి?" అన్నాడు భర్త.

మలుపక్క గబుక్కున కూర్చుని ఒక రాయిని తడిమింది. రబ్బరు మసి వేళ్లకు అంటింది. బండి ఆపినవాడు చక్రం కింద రాయి పెడతాడు. బయల్దేరేటప్పుడు ఆ రాయి తీసేవాడు ఇన్నేళ్లలో ఆమెకు ఒక్కడూ కనపడలేదు. పద్నాలుగో మలుపు దగ్గర అలాంటి రాళ్లు ఏరి పారేయడంతోనే ఆమె నడుం సగం పడిపోయింది.

"బ్రేకులయ్యా! లోడుతో పైనుంచి బ్రేకు తొక్కుకుంటూ వస్తారు. ఇక్కడికొచ్చేసరికి అవి కాలిపోతాయి. చల్లారేదాకా కదల్లేరు." ఆమె రాళ్లు లెక్కపెట్టింది. నలభై దాటాక లెక్క తప్పి, నవ్వేసింది.

పది రోజుల్లో కొట్టు అక్కడ లేచింది. పక్కనే చిన్న వాగు ఉండడంతో నీళ్లకూ ఇబ్బంది లేదు. ఇప్పుడు చెవికి బదులు ముక్కుతో పని. వాసన తగిలితే గిన్నె పొయ్యెక్కాలి. మొదటి వారంలోనే మీసాలు దిగాడు. గ్లాసు అందుకుని, నేరం చేసినవాడిలా నిలబడ్డాడు.

"నీతో అబద్ధమెందుకక్కా? నువ్వున్నావని ఆగలేదు. బ్రేకులు కాలి ఆగాను."

"తెలుసులే. తాగు, చల్లారిపోతుంది" అంది మలుపక్క. ఆ మాట గుచ్చుకోనందుకు తనకే ఆశ్చర్యమేసింది. కొండ ఆపిపెడుతోంది, తను టీ పోస్తోంది. ఇద్దరూ కలిసి ఇన్నేళ్లు నడిపిన కొట్టు ఇది. ఇందులో చిన్నతనమేముంది?

వానలు మొదలయ్యేనాటికి ఉదయం పూట బెంచీలు చాలడం లేదు. సామాను కట్టే మాట భర్త మళ్లీ ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం జోరున వాన. కింద పట్నం వైపు నుంచి లారీ చప్పుడు వినిపించింది. గలగల. ఖాళీ బండి, కొండెక్కి ఆ వైపు ఇంటికి పోయేది. మలుపక్క గిన్నె ముట్టుకోలేదు. ఎక్కే బండికి ఇక్కడ ఏ పనీ లేదు. ఇంజిను చల్లగా ఉంటుంది, బ్రేకు ఇంకా తొక్కనే ఉండరు.

బండి ఆగింది. మీసాలు తల మీద తువ్వాలు కప్పుకుని లోపలికి పరుగెత్తుకొచ్చాడు. బయట కుండపోతగా కురుస్తున్నా పావు మగ్గుతోనే మొహం కడుక్కున్నాడు.

"ఏం తమ్ముడూ, బండికేమైంది?"

"బండికేం, నిక్షేపంలా ఉంది. టీ ఇవ్వక్కా."

మలుపక్క తెల్లబోయింది. "పెట్టలేదయ్యా. ఎక్కే బండి ఆగుతుందనుకోలేదు. పది నిమిషాలు పడుతుంది మరి."

"పడనీ" అని మీసాలు బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు.

భర్త అటు తిరిగి నవ్వు దాచుకున్నాడు. మలుపక్క గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది. ఇరవై ఎనిమిదేళ్ల గొప్ప ఆ పూటతో పోయింది. అంత సంతోషం ఆమె ఎన్నడూ ఎరగదు.