బల్ల మీది రైలు గేటు

మా ఇంట్లో వడకట్టిన టీ పొడి పారేయం. బాల్కనీలో పళ్ళెం మీద పరిచి ఎండబెడతాను. ఎదురింటి ఆవిడ అది గులాబీ మొక్కలకు అనుకుని, "మాకూ కాస్త ఇవ్వండి" అని అడిగింది. మొక్కలకు కాదండీ, రైలు కట్టకు అన్నాను. ఆ తర్వాత ఆవిడ నన్ను ఏమీ అడగడం లేదు.

ఏం చేస్తాం, మా పని అలాంటిది. ఎండిన టీ పొడిని జల్లించి జిగురు మీద చల్లితే నల్లరేగడి నేల తయారు. గిన్నెలు తోమే పచ్చ పీచును తుంచి అతికిస్తే తుప్పలు. వెలిగించి అయిపోయిన అగరొత్తుల పుల్లలు తీగల స్తంభాలు. మా ఆయన కోకాపేటలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని చేస్తారు. ఇంటికొచ్చాక చెంచా కనబడకపోతే వంటింట్లో వెతకరు, నేరుగా రైలు గదిలోకి వెళ్ళి తెచ్చుకుంటారు.

రైలు గది అంటే మదీనాగూడలో మా ఫ్లాటులోని రెండో పడకగది. మేనల్లుడి పుట్టినరోజుకని ఒక రైలు సెట్టు కొన్నాను. ఇచ్చేముందు సరిగ్గా నడుస్తోందో లేదో చూడాలి కదా అని విప్పాను. చూశాను. ఇంకా చూస్తూనే ఉన్నాను. వాడికి సైకిల్ కొనిచ్చాను. ప్రభుత్వ ఆఫీసులో రోజంతా ఫైళ్ళ మధ్య కూర్చునే మనిషికి, సాయంత్రం జానెడు బోగీలు నాలుగు తన మాట విని కదిలితే ఎంత హాయిగా ఉంటుందో చెప్పినా ఎవరికీ అర్థం కాదు. ఆఫీసులో నా మాట విని కదిలేది సీలింగు ఫ్యాను ఒక్కటే, అదీ మూడ్ బాగున్నప్పుడు.

నాలాంటి పిచ్చివాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకా కొందరు ఉన్నారు. నెలకో ఆదివారం మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో కలుస్తాం. ఎవరింట్లోనూ పెద్ద లైను పట్టే చోటు లేదు కాబట్టి మాకో పద్ధతి ఉంది. ఒక్కొక్కరం ఇంట్లో ఒక్కో బల్ల తయారు చేసుకుంటాం. దాని మీద ఎవరిష్టం వాళ్ళది: స్టేషను, వంతెన, చెరువు గట్టు, ఏదైనా సరే. రెండు అంచులు మాత్రం అందరివీ ఒకే ఎత్తులో ఉండాలి, పట్టాలు ఒకే చోట బయటికి రావాలి. ఆదివారం అన్నీ మోసుకొచ్చి అంచుకు అంచు కలిపి బిగిస్తే హాలు చుట్టూ ఒక లైను పడుతుంది. ఒక్కరి బల్ల చెడినా అందరి బళ్ళూ అక్కడ ఆగిపోతాయి. అందుకని పక్కవాళ్ళ పని మీద ప్రతి ఒక్కరికీ కన్నుంటుంది, నోరూ ఉంటుంది. నా నోరు కాస్త పెద్దదని వాళ్ళంటారు.

మాకు టైమ్‌టేబుల్ రాసేది కోకాపేట టవర్లలో ఉండే ఒకాయన. గోదావరి జిల్లా మనిషి. మాట వెన్న, పట్టు మాత్రం ఉడుం పట్టు. "కాసేపు ఆడుకుందాం" అంటే ఆయనకు ఒళ్ళు మండిపోతుంది. "ఆడుకోవడం కాదండీ, బళ్ళు నడపడం" అంటారు. ఏ బండి ఎప్పుడు బయల్దేరాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో ముందే రాసి తెస్తారు. తప్పితే మళ్ళీ మొదటినుంచి నడిపిస్తారు. ఒకసారి నేను టీ తాగడానికని నా గూడ్సును వంతెన మీద ఆపాను. ఆ సంగతి ఆయన ఇప్పటికీ మర్చిపోలేదు, నన్ను మర్చిపోనివ్వలేదు.

చందానగర్‌లో ఉండే ఒక నర్సమ్మాయి మాలో చేరింది. వచ్చిన కొత్తలో ఏమీ కట్టేది కాదు, బళ్ళు చూస్తూ కూర్చునేది. ఒక సాయంత్రం మా ఇంట్లో టీ తాగుతూ, "అక్కా, నేను రైల్వే గేటు కడత" అంది. గేటేమిటే, స్టేషన్ కట్టరాదూ, చూడ్డానికి బాగుంటుంది అన్నాను. తల అడ్డంగా ఊపింది.

"నాకు స్టేషన్ వద్దక్కా. మా నాయిన గేట్‌మ్యాన్. నేను పుట్టి పెరిగింది వరంగల్ దాటినంక ఒక గేటు పక్క క్వార్టర్ల. ఇప్పుడు ఆడ గేటూ లేదు, క్వార్టరూ లేదు. పట్టాల కిందికెళ్ళి రోడ్డేసిన్రు."

వాళ్ళ నాన్న పోయి చాలా కాలమైంది. అమ్మ ఈ అమ్మాయి దగ్గరే ఉంటుంది. ఆ గేటు మాటెత్తితే చాలు, ఆవిడ లేచి పక్క గదిలోకి వెళ్ళిపోతుందట. ఎందుకని అడిగాను.

"కోపం అక్కా. నాయిన గేటిడిచి ఎన్నడు రాలే. పెండ్లిళ్ళకు, చావులకు, క్రిస్మస్‌కు, యాడికైనా అమ్మొక్కతే పోయేది. ఎప్పుడడిగినా, బండొచ్చే టైమైంది నువ్వు పో అనేటోడు. ఇద్దరు కలిసి ఒక్క ఊరు పోయింది లేదు. ఆయన చనిపోయినంక గేటు పేరు తియ్యనియ్యది. నాకేమో నాయిన అంటే గేటే యాదికొస్తది. గేటు ముచ్చట వద్దంటే ఇగ మా ఇంట్ల నాయిన ముచ్చటే లేదు."

ఆ పిల్ల కోరుకున్నది అదొక్కటే. గేటు కట్టి వాళ్ళమ్మకు చూపించాలి. చూసి తిట్టినా సరే, నాయన గురించి అమ్మ నోట ఒక్క మాట రావాలి.

"మరి చూసి లేచి వెళ్ళిపోతే?" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

"పోతే ఇగ ఎన్నడు అడగను" అంది. గ్లాసు వైపే చూస్తూ కూర్చుంది. నాకు మనసు చివుక్కుమంది. లేచి వెళ్ళి ఇంకో టీ పెట్టాను.

ఇంట్లో అయితే అమ్మ చూస్తుందని బల్లను మా రైలు గదిలోనే పెట్టి కట్టింది. డ్యూటీ దిగి వచ్చేది, ఓ గంట కూర్చుని వెళ్ళేది. ఎంత ముద్దుగా కట్టిందో! ఎరుపు తెలుపు చారల గేటు కర్రలు, బటన్ నొక్కితే మెల్లగా దిగుతాయి. పెంకుల కప్పుతో చిన్న క్వార్టరు, ముందు చీపురు పుల్లల దడి. గుమ్మం దగ్గర చిటికెన వేలి కొసంత మనిషి, చేతిలో పచ్చజెండా. అది వాళ్ళ నాన్న. ఆ బొమ్మకు ఖాకీ రంగు వేస్తున్నప్పుడు మాత్రం నన్ను గదిలోకి రానివ్వలేదు.

మా ఆదివారం ఇంకో మూడు నాలుగు రోజులుందనగా, పొద్దున్నే గది ఊడుద్దామని వెళ్ళాను. గేటు బల్ల మీద పట్టాల మధ్య పరిచిన కంకర కదులుతోంది. కళ్ళు నులుముకుని చూశాను. నిజంగానే కదులుతోంది. ఎర్రచీమలు ఒక్కో కంకర రాయినీ నోట కరుచుకుని, బారులు తీరి, క్వార్టరు వెనకనుంచి మా కిటికీ మీదుగా పోతున్నాయి.

ఫోన్ చేశాను. "ఏం పోశావే ఇందులో?"

"రవ్వక్కా."

"ఏ రవ్వ?"

"బొంబాయి రవ్వ. నల్ల సిరా కలిపి ఆరబెట్టిన. అచ్చం కంకర తీరు కొట్టింది. ఏమైంది?"

"ఏమైందా! టీ పొడి వాడమన్నాను, పీచు వాడమన్నాను. తినే వస్తువు పోయమని చెప్పానా? నీ కంకరకు పోపు కూడా పెట్టావా తల్లీ? నా ఇల్లంతా చీమలు!" అని అరిచాను. వానాకాలపు చెమ్మకు రవ్వ ఉబ్బి, ఒకవైపు పట్టా పైకి లేచింది కూడా. ఇంజను దాని మీదికొస్తే బొక్కబోర్లా పడడమే. ఇంకా తిట్టాలనే ఉంది. అంతలో, "పరేషాన్ అయింది కదక్కా. అమ్మకు ఆదివారం వద్దామని చెప్పేసిన" అంది చిన్న గొంతుతో. దానికి ఏం తిడతాం?

"ఫికర్ పడకు. డ్యూటీ దిగి వచ్చెయ్" అన్నాను. తెలంగాణ మాట నా నోట్లో పడితే ఆ పిల్లకు నవ్వొస్తుంది. నవ్వింది.

ఆఫీసుకు సెలవు పెట్టాను. కారణం ఇంట్లో పని అని రాశాను. రైలు కట్టకు కంకర మార్చాలి అని రాస్తే మా ఆఫీసరు సంతకం పెట్టేముందు దవాఖానకు పంపేవాడు. మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని గోరువెచ్చటి నీళ్ళు చల్లి, పాత టూత్‌బ్రష్‌లతో రవ్వంతా గోకి తీశాం. రంగు నలుపన్న మాటే గానీ, గిన్నెలోకి తీసిన ముద్ద చూస్తే ఉప్మాకు దానికి తేడా లేదు.

ఇక అసలైన కంకర కావాలి. మా ఆయన ఆఫీసు పక్కన ఎప్పుడు చూసినా ఏదో ఒక టవరు లేస్తూనే ఉంటుంది, రోడ్డు పక్కనే రాతి పొడి కుప్పలు ఉంటాయి. టిఫిన్ డబ్బా నిండా తెమ్మన్నాను.

"వాచ్‌మన్ ఏమనుకుంటాడే?" అన్నారు ఫోన్లో.

"అడిగి తెండి. దొంగతనం చేయమన్నానా?"

తెచ్చారు. వాచ్‌మన్, "గింతేనా సార్? ఏం కడుతున్నరు?" అని అడిగాడట. "రైల్వే లైను" అని చెప్పి వచ్చారట మా ఆయన. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన మీద నాకంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు, నిజం చెబుతున్నాను.

ఆ పొడిని టీ వడపోసే జల్లెడతో జల్లించాం. తర్వాత దాని మీద అయస్కాంతం తిప్పాం. ఇనుప రజను ఉంటే ఇంజను మోటారు లాగేసుకుంటుంది, ఇక ఆ ఇంజను పని అయిపోయినట్టే. పొడి ఎగరకుండా ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ, కుంచెతో పట్టాల మధ్య సర్దాం. ఆ పైన నీళ్ళ జిగురు చుక్కచుక్కగా వేయాలి. నేను వేస్తే కంకరలో గుంటలు పడతాయి. ఆ పిల్ల సిరంజి తీసుకుంది. ఒక్క రాయి కూడా కదలకుండా ఈ చివరినుంచి ఆ చివరిదాకా వేసుకుంటూ పోయింది.

"సూది వేయించుకుంటే నీ చేతే వేయించుకోవాలి" అన్నాను.

"రా అక్కా, ఇప్పుడే ఏస్త. నొప్పి తెల్వది" అంది సిరంజి పైకెత్తి. ఇద్దరం నవ్వుకున్నాం. చీమలు కుట్టిన చేతులు మండుతున్నాయి, నడుములు పట్టేశాయి, అయినా ఆ పూట ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను.

ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళమ్మను తీసుకొచ్చింది. అక్కోళ్ళింట్ల భోజనం అని మాత్రమే చెప్పిందట. తెల్లచీర, చంకకు సంచీ, అందులో బైబిలు. ఆవిడను క్లబ్‌హౌస్ హాలు మధ్య కుర్చీలో కూర్చోబెట్టాను. టైమ్‌టేబుల్ గారు నమస్కారం పెట్టి, గడియారం చూసుకుని, గూడ్సు వదిలారు. బండి వంతెన దాటింది, నా బల్ల మీది స్టేషన్ దాటింది, గేటు వైపు తిరిగింది. అమ్మాయి బటన్ నొక్కింది. గేటు కర్రలు దిగాయి.

ఆవిడ చటుక్కున లేచి నిలబడింది.

ఆవిడ తలుపు వైపు ఒక అడుగు వేసి ఆగింది. వెనక్కి తిరిగి బల్ల దగ్గరికి వచ్చింది. కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. గూడ్సు వెళ్ళిపోయింది, గేటు మళ్ళీ లేచింది.

"గీ జెండా పట్టుకున్నోడెవలే?"

"నాయిన" అంది అమ్మాయి.

"మీ నాయిన గింత బక్కగ ఎన్నడున్నడే?"

అమ్మాయి పకాలున నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చేసింది. నేను ఏడవలేదంటే అబద్ధం. ఒక్క మాట చాలనుకున్నాం, అది వచ్చేసింది. ఇక భోజనాలు వడ్డిద్దామని లేవబోయాను.

"బండి నడిపేది గిదేనా?" అని ఆవిడ కంట్రోలరు వైపు చూపించింది.

టైమ్‌టేబుల్ గారు దాన్ని జాగ్రత్తగా ఆవిడ చేతిలో పెట్టారు. "ఇటు తిప్పితే నడుస్తుందమ్మా, వెనక్కి తిప్పితే ఆగుతుంది. ఇప్పుడు ప్యాసింజరు వెళ్ళాలండి. మేడమ్ గారి స్టేషన్లో ఆపండి. గేటు దగ్గర మాత్రం హాల్టు లేదండి, తిన్నగా పోనివ్వాలి."

ఆవిడ తలూపింది. బండిని మెల్లగా కదిలించింది. నా స్టేషన్లో ఆపింది, మళ్ళీ తీసింది. అమ్మాయి గేటు వేసింది. ఇంజను క్వార్టరు దాటి, బోగీ తలుపు గుమ్మానికి ఎదురుగా రాగానే, ఆవిడ మీట పూర్తిగా వెనక్కి తిప్పేసింది. బండి ఆగింది.

"అమ్మా, ఇక్కడ ఆగదండి" అన్నారు టైమ్‌టేబుల్ గారు.

"ఎరుకే సారూ. ఆగకపోతుండె" అంది ఆవిడ. "బండ్లన్నీ మా గడప ముంగట్నుంచే పోయేటియి. ఎక్కాలంటే మాత్రం స్టేషన్ దాక నేనొక్కదాన్నే నడుచుకుంట పోయేదాన్ని."

ఆయన చేతిలోని టైమ్‌టేబుల్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. చాలా మెల్లగా, "ఎంతసేపు ఆపుదామంటారమ్మా?" అని అడిగారు.

ఆవిడ మీట మీద చెయ్యి అలాగే ఉంచింది. గుమ్మం దగ్గరి మనిషి వైపే చూస్తోంది.

"జర ఆగనియ్యి సారూ. ఆయన చెప్పులేసుకొని రావాలె గద."